కటుక్కుమన్న జీపు

రవాణా విభాగం ఉపసంచాలకులు కవుటూరి శేషావతారంగారు సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటల్లో శిక్షణకు వెళ్లారు. వెళ్లినప్పుడున్న మనిషి వచ్చినప్పుడు లేరు.

ఆ శిక్షణ పేరు ‘ముందస్తు శ్రవణం’. ఏ యంత్రమైనా పాడయ్యే ముందు ఒక శబ్దం చేస్తుందని, దాన్ని సకాలంలో విన్నవాడే యంత్రాన్ని కాపాడుకుంటాడని అక్కడ ఒకాయన తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. మిగతా అధికారులు మధ్యాహ్నం భోజనం గురించి ఆలోచిస్తుంటే, శేషావతారంగారు మాత్రం కళ్లు మూసుకుని, తలపైన తిరుగుతున్న ఫ్యాను వింటూ కూర్చున్నారు. ఇన్నేళ్ల సర్వీసులో తాను ఒక్క వాహనాన్నీ సరిగా వినలేదన్న బాధ ఆయనకు ఆ మధ్యాహ్నమే మొదలైంది.

తిరిగొచ్చిన వారంలో ఉత్తర్వు వెలువడింది. “ప్రభుత్వ వాహనము నుండి అనూహ్య శబ్దము వెలువడిన యెడల, విన్న ఉద్యోగి తక్షణమే ఈ కార్యాలయమునకు తెలియపరచవలెను. కారణము నిర్ధారణ అగు వరకు సదరు వాహనమును శబ్దము వెలువడిన స్థలములోనే, వెలువడిన స్థితిలోనే యథాతథముగా ఉంచవలెను. విని తెలియపరచని వారిపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును.”

ఈ ఉత్తర్వు కొండ మీద జామిగరువు ఆరోగ్య కేంద్రం దాకా కూడా వచ్చింది. సిబ్బంది అందరూ సంతకాలు పెట్టారు. చదివి పెట్టింది డాక్టర్ కాత్యాయని ఒక్కతే.

ఆమె విజయనగరం నుంచి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తే అన్నీ సవ్యంగా జరుగుతాయని నమ్మే మనిషి. ఆమె చేతి కింద ఉన్న పెద్ద ఆస్తి ఒక జీపు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే కొండ జీపు అది. కొండ కింద వంతెన దాటి అంబులెన్సు రాదు. ఆ పైన రాళ్ల దారిలో గూడేలకు మందులు వెళ్లాలన్నా, గూడేల నుంచి మనుషులు ఆస్పత్రికి దిగాలన్నా ఆ జీపే దిక్కు. దాన్ని నడిపేది బంగార్నాయుడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ, బీడీ ఎక్కువ.

ఒక సోమవారం ఇద్దరూ వంతెన దగ్గర మందులు ఎక్కించుకుని పైకి వస్తుంటే ఏడో మలుపులో వెనక చక్రం పంక్చరైంది. బంగార్నాయుడు ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక ఇరుసు కింద జాకీ పెట్టి ఎత్తడం మొదలుపెట్టాడు. చక్రం నేలను వదిలే వేళకు కింద నుంచి ‘కటుక్కు’మని ఒక శబ్దం వచ్చింది.

“ఏంటండీ నాయుడుగారూ, ఆ శబ్దం?” అంది డాక్టరు.

“ఏదమ్మా?”

“ఇప్పుడే కటుక్కుమంది కదా.”

“అంటాదమ్మా. కొండ బండి కదా. ఎత్తినప్పుడు ఒకపాలి అంటాది.”

“ఎందుకంటుంది?”

“అదేటో నాకూ తెల్దు. నేనీ బండెక్కిన కాడ్నించి అంటన్నాది. నేనడగలేదు, అది సెప్పలేదు.”

కాత్యాయనికి ఉత్తర్వు గుర్తొచ్చింది. అందులో అనూహ్య శబ్దం అని ఉంది. బంగార్నాయుడికి ఇది ఊహించిన శబ్దమే. తను మాత్రం ఊహించలేదు. విన్న ఉద్యోగి తెలియపరచాలి. విన్నది తను. కొండ మొత్తం మీద ఫోను పలికే చోట్లలో ఏడో మలుపు ఒకటి. ఆమె ఫోను చేసింది.

అవతల గుమాస్తా గొంతు సంతోషంతో వణికింది. “చాలా మంచి పని చేశారు మేడమ్. జిల్లాలో మీదే మొదటి శబ్దం.”

“స్టెప్నీ వేసేశాం. దించితే వెళ్లిపోతాం. విషయం మీకు చెప్పాలని చేశాను, అంతే.”

“అయ్యో, దించకండి మేడమ్. దించితే స్థితి మారిపోతుంది. ఒక్క నిమిషం లైన్లో ఉండండి, సార్‌ని అడుగుతాను.”

ఆ ఒక్క నిమిషం తర్వాత శేషావతారంగారే స్వయంగా మాట్లాడారు. యథాస్థితి అన్నారు. మళ్లీ ఒకసారి యథాస్థితి అని, పెట్టేశారు.

బంగార్నాయుడు బిగించిన బోల్టుల వంక, గాల్లో ఉన్న చక్రం వంక, డాక్టరు వంక వరసగా చూసి బీడీ వెలిగించాడు. “నడుద్దారండమ్మా,” అన్నాడు.

ఆ రోజు మందుల పెట్టె మోసుకుని ఇద్దరూ జామిగరువు దాకా నడిచారు. గూడెం మొదట్లోనే వంతాల కాసులమ్మ ఎదురైంది. ఏడో నెల. మొదటి కాన్పులో ఆమెను డోలీలో దించుతుంటే దారిలోనే బిడ్డ పోయింది. ఈసారి అలా కాదని, నొప్పులు మొదలవగానే జీపు ఇంటి ముందుకు వస్తుందని డాక్టరు ఆమె చేతిలో చెయ్యేసి చెప్పింది.

“జీపేది డాక్టరమ్మా?” అంది కాసులమ్మ.

“మలుపు దగ్గర ఉంది. రెండు రోజుల్లో వస్తుంది,” అంది కాత్యాయని. అలా అనేటప్పుడు ఆమె నిజంగా అదే అనుకుంది.

మొదటి పరిశీలన మరుసటి వారం జరిగింది. రవాణా విభాగం నుంచి ఒక సహాయ ఇంజనీరు వచ్చి జీపు చుట్టూ తిరిగి, కింద పడుకుని, లేచి, చొక్కా దులుపుకున్నాడు.

“శబ్దం ఏదీ?” అన్నాడు.

“అది ఎత్తినప్పుడు వస్తాది బాబూ,” అన్నాడు బంగార్నాయుడు.

“అయితే ఎత్తు.”

“ఎత్తే ఉన్నాది.”

“దించి ఎత్తు.”

“దించొద్దన్నారు కదా.”

ఇంజనీరు వేళ్లు మడుస్తూ లెక్క వేసుకున్నాడు. శబ్దం వినాలంటే జీపు దించాలి. దించాలంటే కారణం తెలియాలి. కారణం తెలియాలంటే శబ్దం వినాలి. ఇదంతా ఆయన పై అధికారికి ఫోనులో విన్నవించుకున్నాడు. విధానంలో లోపం లేదని, అమలు చేసేవాళ్లకు ఓర్పు కావాలని శేషావతారంగారు జవాబిచ్చారు. ప్రత్యక్షంగా విన్న సాక్షి ఉన్నాడు గనక, ఆ సాక్షి నోటి ద్వారా శబ్దాన్ని స్వీకరించమన్నారు.

“ఎలా వచ్చిందో నోటితో అను,” అన్నాడు ఇంజనీరు.

బంగార్నాయుడు సిగ్గుపడ్డాడు. యాభై ఏళ్లు దాటాక నలుగురిలో జీపులా శబ్దం చెయ్యమని అడుగుతారని అతను ఎన్నడూ అనుకోలేదు. చివరికి తల పక్కకు తిప్పుకుని, “కటుక్కు,” అన్నాడు.

ఆ ‘కటుక్కు’ ఫోనులో ఎక్కి జిల్లా కేంద్రానికి చేరింది. అక్కడ పదిమంది విని పది రకాలుగా రాసుకున్నారు. ఒకరు కిటుక్కు అన్నారు, ఒకరు గటుక్కు, ఇంకొకరు కేవలం టుక్కు. శబ్దం ఏదో తేలకుండా కారణం వెతకడం అశాస్త్రీయమని శేషావతారంగారు భావించి, కళాశాలలో తెలుగు చెప్పే వేదుల సోమసుందరంగారిని నిపుణుడిగా నియమించారు.

సోమసుందరంగారిని ఇన్నేళ్లలో ప్రభుత్వం ఏ పనికీ పిలవలేదు. అందుకని ఆయన పనిని చాలా గౌరవంగా తీసుకున్నారు. బంగార్నాయుణ్ణి జిల్లా కేంద్రానికి రప్పించి, తలుపులు వేసి, ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

“నాయనా, మొదటి అక్షరం పరుషమా సరళమా?”

“గట్టిగానే అన్నాదండి.”

“చివర ద్విత్వం స్పష్టంగా వినిపించిందా?”

“ఏటండి?”

“క్కు అని వత్తి పలికిందా?”

“పలికినాదండి.”

“ఆమ్రేడితం జరిగిందా? అంటే, కటుకటుక్కు అని రెండు సార్లు?”

“నేదండి. ఒకపాలే.”

సోమసుందరంగారు తృప్తిగా తలూపి, సదరు శబ్దం పరుషాది, ద్విత్వాంతం, ఆమ్రేడిత రహితమైన ధ్వన్యనుకరణమని తేల్చారు. దీంతో ఇరుసులో ఏముందో తెలియకపోయినా, దస్త్రం చాలా ముందుకు వెళ్లింది.

బంగార్నాయుడిలో మార్పు వచ్చింది అప్పుడే. వారానికోసారి జిల్లా కేంద్రానికి పిలుపు వచ్చేది. ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, శబ్దం చెయ్యమనేవారు. మొదట్లో చిన్నగా అనేవాడు. తర్వాత గొంతు సవరించుకుని అనడం నేర్చాడు. తర్వాత ముందు కొంచెం జాకీ తిప్పుతున్నట్టు కిర్రుకిర్రుమని, ఒక క్షణం ఆగి, అందరూ ముందుకు వంగాక అసలు శబ్దం వదిలేవాడు. ఒకసారి శేషావతారంగారు కళ్లు తుడుచుకున్నారట.

“నాయుడుగారూ, అసలు శబ్దం అంత పెద్దది కాదు కదా,” అంది కాత్యాయని ఒకరోజు.

“ఆళ్లు అంత దూరం నించి పిలుత్తన్నారు కదమ్మా. సిన్నగా అంటే బాగోదు.”

ఈలోపు కాత్యాయని రోజూ కొండ ఎక్కి దిగుతోంది. పై గూడేల వాళ్లకు ఆమె రాక తగ్గిపోయింది గనక వాళ్లే మలుపు దాకా దిగి రావడం మొదలుపెట్టారు. గాల్లో లేచి ఉన్న జీపు పక్కన బల్ల వేసుకుని ఆమె జ్వరాలు చూసింది, కట్లు కట్టింది, పిల్లలకు టీకాలు వేసింది. సెలైన్ సీసా జీపు అద్దానికి తగిలించేది. ఇంజను స్టార్టు చెయ్యకూడదని ఉత్తర్వులో లేదు గనక బంగార్నాయుడు రోజూ కాసేపు ఇంజను నడిపి ఆపేవాడు. వచ్చిన వాళ్లు ఆ చప్పుడు విని జీపు బాగానే ఉందనుకునేవాళ్లు. జీపు బాగానే ఉంది కూడా.

ఆమె వేరే బండి అడిగింది. “రికార్డు ప్రకారం మీ కేంద్రానికి వాహనం ఉంది,” అని జవాబు వచ్చింది. “అది పాడైందని ఎవరూ నిర్ధారించలేదు. పాడవని వాహనానికి బదులు ఇంకో వాహనం ఎలా ఇస్తాం?”

ఆమె శేషావతారంగారికే ఫోను చేసింది. “సార్, మా గూడెంలో ఒకామెకు నెలలు నిండుతున్నాయి. మొదటి బిడ్డ దారిలోనే పోయింది. జీపు లేకపోతే కష్టం.”

“డాక్టరుగారూ, సదరు గర్భిణి విషయం మీ పరిధిలోది. సదరు శబ్దం నా పరిధిలోది. దయచేసి రెంటినీ కలపకండి,” అన్నారాయన. మర్యాదగానే అన్నారు. ఆమెకు కోపం ఆయన మీద కన్నా తన మీద ఎక్కువ వచ్చింది. ఆ ఫోను చేసింది తను. చెప్పమన్నారని చెప్పింది. ఇప్పుడు చెప్పింది వెనక్కి తీసుకునే దారి ఉత్తర్వులో ఎక్కడా లేదు.

అయితే ఆయన పరిధి కూడా ఆయన అనుకున్నంత భద్రంగా లేదని త్వరలోనే తేలింది. జీపు రవాణా విభాగానిది నిజమే. కానీ జాకీ సామగ్రి విభాగం ఇచ్చింది. జాకీ కింద నేల రోడ్ల విభాగానిది. శబ్దం జీపుదా, జాకీదా, నేలదా అన్నది తేలకుండా దాని మీద విచారణ జరిపే అధికారం రవాణాకు ఎక్కడిదని సామగ్రి విభాగం ఒక నోటు పంపింది. నేల శబ్దం చేసే అవకాశం లేదని, చేసినా అది వానాకాలంలోనే చేస్తుందని రోడ్ల విభాగం ఇంకొకటి పంపింది. చివరికి మూడు విభాగాలూ కలిసి ఉమ్మడి పరిశీలన జరపాలని నిర్ణయమైంది. అప్పటికి జీపు గాల్లోకి లేచి రెండు నెలలు దాటింది.

ఉమ్మడి పరిశీలనకు శేషావతారంగారు, సామగ్రి అధికారి, రోడ్ల ఇంజనీరు, సోమసుందరంగారు నలుగురూ ఒకే కారులో వచ్చారు. ఎత్తైన, కొత్త కారు. రాళ్ల దారిలో బాగానే ఎక్కింది. దిగగానే శేషావతారంగారు చేయి ఎత్తి, అందరినీ నిశ్శబ్దంగా ఉండమన్నారు. నలుగురూ జీపు చుట్టూ నిలబడి విన్నారు. జీపు ఏమీ అనలేదు. సామగ్రి అధికారి దాన్ని తన విభాగానికి అనుకూలంగా రాసుకున్నారు.

అంతలో పై దారిలో మనుషుల అలికిడి వినిపించింది. కాసులమ్మ భర్త బుద్రు, ఇంకో ముగ్గురు డోలీ మోసుకుంటూ దిగుతున్నారు.

“డాక్టరమ్మా, తెల్లారగట్ల నుండీ నొప్పులు,” అన్నాడు బుద్రు. చెమటతో అతని మాట సరిగా రావడం లేదు. “నీళ్లు పోయినాయి. మొదటిసారిలాగే ఉంది.”

కాత్యాయని డోలీలోకి వంగి చూసింది. చూసి లేచాక ఆమె ముఖంలో ఇంకెవరి మీదా కోపం లేదు. “సార్, మీ కారు ఇవ్వండి. వంతెన దాకా చాలు. అంబులెన్సును అక్కడికి పిలుస్తాను,” అంది.

శేషావతారంగారు చెడ్డవారు కాదు. “తీసుకోండమ్మా, తప్పకుండా,” అని డ్రైవర్ని పిలిచారు.

డ్రైవరు కదల్లేదు. “వెనక చక్రంలో గాలి పోయిందండి. ఇప్పుడే చూశాను. మేకు దిగింది.”

“అయితే స్టెప్నీ మార్చు.”

“మారుస్తానండి. జాకీ వెయ్యాలి.” అతను జీపు వంక చూశాడు. “ఎత్తినప్పుడు ఏదైనా అంటే, విన్నవాణ్ణి నేనే అవుతానండి. మీరూ అవుతారు.”

తన సంతకంతో వెళ్లిన ఉత్తర్వు శేషావతారంగారికి అక్షరం పొల్లుపోకుండా కంఠతా వచ్చు. కొత్త కారు శబ్దం చెయ్యదని ఆయన నమ్మకం. కానీ చేస్తే అది ఇక్కడే ఉండిపోతుంది. దానితో పాటు తామూ. ఆయన కారు చక్రం వంక చూస్తూ నిలబడిపోయారు.

డోలీలో కాసులమ్మ మూలిగింది.

కాత్యాయని జీపు వైపు తిరిగింది. ఆమె మాట్లాడినప్పుడు గొంతు చాలా నెమ్మదిగా, కార్యాలయంలో మాట్లాడినట్టు వచ్చింది. “సార్, సదరు వాహనాన్ని ఎత్తినప్పుడు వచ్చిన శబ్దం మీద ఇంతవరకు పరిశీలన జరిగింది. దించినప్పుడు శబ్దం వస్తుందా లేదా అన్నది ఎవరూ పరిశీలించలేదు. మూడు విభాగాలూ ఇక్కడే ఉన్నాయి. నిపుణులూ ఉన్నారు.”

సోమసుందరంగారి కళ్లు మెరిశాయి. “అవును. అవరోహణలో కూడా వినాలి. ఆరోహణ ఒక్కటే వింటే సగం విన్నట్టే.”

“కానీ యథాస్థితి...” అన్నారు శేషావతారంగారు.

“పరీక్షార్థం సార్,” అంది కాత్యాయని.

ఆ మాట ఆయనకు ఊరటనిచ్చింది. ఎంత పెద్ద తప్పయినా పరీక్షార్థం అంటే దస్త్రంలో ఒదిగిపోతుంది. “పరీక్షార్థం,” అని తల ఊపి, జీపు దగ్గరికి నడిచి, కళ్లు మూసుకున్నారు. మిగతా ముగ్గురూ మూసుకున్నారు.

బంగార్నాయుడు జాకీ తిప్పాడు. ఆ క్షణంలో అతను ఏ ప్రదర్శనా ఇవ్వలేదు. జీపు మెల్లగా దిగి నేల మీద కూర్చుంది. కూర్చునే ముందు ఏదో అంది.

“కుటుక్కు,” అన్నారు సోమసుందరంగారు కళ్లు తెరవకుండానే. “మొదటి అచ్చు మారింది. చూశారా?”

“అది నేల దగ్గర నుంచి వచ్చింది,” అన్నారు సామగ్రి అధికారి.

“నేల ఎలా అంటుందండీ, పైనుంచి బరువు పడితే బరువు అంటుంది గాని,” అన్నారు రోడ్ల ఇంజనీరు.

ఆ చర్చ ముదిరేలోపు కాసులమ్మను జీపు వెనక భాగంలో పడుకోబెట్టారు. డాక్టరు పక్కన కూర్చుంది. బుద్రు రాళ్లు లాగేశాడు, జాకీ లోపల పడేసి, డోలీ మోసిన ముగ్గురితో ఎక్కాడు. రెండు నెలలుగా రోజూ నడిపిన ఇంజను మొదటిసారికే అందుకుంది. జీపు మలుపు తిరిగేదాకా అధికారుల్లో ఎవరూ దాని వైపు చూడలేదు. చూశాక మాత్రం శేషావతారంగారు, “పరీక్ష ముగిసినట్టు నేను చెప్పలేదే,” అన్నారు.

వంతెన దగ్గర అంబులెన్సు ఎదురైంది. ఆస్పత్రి చేరిన కాసేపటికే కాసులమ్మకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డ మెడకు పేగు చుట్టుకుని ఉంది. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో కాత్యాయనికి తెలుసు, ఎవరికీ చెప్పలేదు. చేతులు కడుక్కోవడానికి వెళ్లి, కడిగాక కూడా కుళాయి కట్టకుండా చాలాసేపు నిలబడింది.

బుద్రుతో వచ్చిన వాళ్లను గూడేనికి చేర్చాలని సాయంత్రం జీపులో తిరిగి బయల్దేరారు. ఏడో మలుపుకు వచ్చేసరికి కారు అక్కడే ఉంది. నలుగురు అధికారులూ దాని చుట్టూ ఉన్నారు. ఒకరు రాయి మీద కూర్చున్నారు, ఒకరు నిలబడ్డారు, సోమసుందరంగారు నీళ్ల సీసా ఖాళీ అయిందేమోనని ఎత్తి చూస్తున్నారు. స్టెప్నీ కారుకు ఆనించి ఉంది. జాకీ సంచీలోంచి బయటికి రాలేదు.

కాత్యాయని దిగి, “పాప పుట్టింది సార్. ఇద్దరూ బాగున్నారు,” అంది.

“సంతోషం,” అన్నారు శేషావతారంగారు. మనస్ఫూర్తిగానే అన్నారు. తర్వాత పక్కకు వచ్చి, గొంతు తగ్గించారు. “డాక్టరుగారూ, మీ దగ్గర దూది ఉంటుందా?”

“దెబ్బ తగిలిందా సార్?”

“లేదు. చెవుల్లోకి.”

ఆమెకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక ముఖం కదలనివ్వకుండా మందుల పెట్టె తెరిచి, దూది చుట్ట ఇచ్చింది. నలుగురూ తలా కొంచెం తుంచుకుని చెవుల్లో కుక్కుకున్నారు. సరిపోలేదని ఇంకొంచెం పెట్టుకున్నారు. తర్వాత కారుకు వీపు తిప్పి, లోయవైపు చూస్తూ వరసగా నిలబడ్డారు. ఎండ దిగిపోతోంది. వెనక నుంచి చూస్తే ఏదో మొక్కు తీర్చుకుంటున్నట్టు ఉన్నారు.

ఇద్దరు డ్రైవర్లూ కలిసి కారు ఎత్తారు, చక్రం మార్చారు, దించారు. మధ్యలో బంగార్నాయుడు జాకీ ఆపి, డాక్టరు వైపు తిరిగాడు.

“వినబడినాదా అమ్మా?”

“ఏం వినబడాలి నాయుడుగారూ?” అంది కాత్యాయని.

బంగార్నాయుడు ఆమెను ఒకసారి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు.

ఉమ్మడి పరిశీలన నివేదికలో శబ్దం ‘కారణాంతరముల వలన నిలిచిపోయినది’ అని రాశారు. తర్వాతి నెలలో పాత ఉత్తర్వుకు సవరణ వచ్చింది. ముందస్తు శ్రవణ విధానం యథాతథంగా కొనసాగుతుందని, అయితే జాకీ ప్రయోగించు సమయమున సిబ్బంది శ్రవణ ఆరోగ్య రక్షణ నిమిత్తం ప్రతి ప్రభుత్వ వాహనానికీ తగినంత దూది సరఫరా చేయబడుతుందని అందులో ఉంది. తగినంత అంటే ఎంతో రాయలేదు. సామగ్రి విభాగం జాగ్రత్త కోసం చాలా పంపింది.

జామిగరువు కేంద్రానికి దూది బస్తాల్లో వచ్చింది. దింపించుకుంటూ బంగార్నాయుడు, “ఇది సెవులకే వాడాలని రాసున్నాది డాక్టరమ్మా. మనం కట్లు కట్టుకోవచ్చునా, అడగండొకపాలి ఫోన్‌సేసి,” అన్నాడు.

డాక్టరు బస్తా కుట్లు కత్తెరతో తెంపి, దోసిలి నిండా దూది తీసుకుని, మోకాలు చీరుకుపోయి బల్ల మీద కూర్చున్న ముసలాయన దగ్గరికి వెళ్లింది.

ఫోను చెయ్యలేదు.